వినేదెవరు? వినిపించుకునేదెవరు?

ఫోన్ల నిఘా నిబంధనలపై 30 రోజుల అభిప్రాయ సేకరణ... పల్లెకు చేరని గెజిట్

నల్లగొండ/మహబూబ్‌నగర్, ప్రత్యేక కథనం: ప్రజాభిప్రాయ సేకరణ అనగానే నల్లగొండ జిల్లా వాసుల కళ్ల ముందు మెదిలేది షామియానా, మైకు, వేదికపై జిల్లా కలెక్టరు, కాలుష్య నియంత్రణ మండలి అధికారులు, చుట్టూ పోలీసు బందోబస్తు. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనులపై 2003 ఆగస్టులో, ఆ తర్వాత దేవరకొండ సమీపంలోని శేరిపల్లి శుద్ధి కర్మాగారంపై 2005లో జరిగిన సభలు నేటికీ ఇక్కడివారికి గుర్తే. తండాల నుంచి వచ్చిన గిరిజనులు మైకు పట్టుకుని తమ మాట తాము చెప్పుకున్నారు. అటువంటి అభిప్రాయ సేకరణే 2024లో మరొకటి జరిగింది. అది ఏ ఒక్క ఊరికీ సంబంధించినది కాదు. చేతిలో సెల్‌ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరికీ సంబంధించినది. అయితే షామియానా లేదు, మైకు లేదు, దండోరా అసలే లేదు. అది జరిగినట్టు కూడా ఈ రెండు జిల్లాల్లో దాదాపు ఎవరికీ తెలియదు.

2024 ఆగస్టు 28న కేంద్ర టెలికం విభాగం గెజిట్‌లో ఒక ముసాయిదా ప్రచురించింది. ఫోన్ సంభాషణలను, సందేశాలను చట్టబద్ధంగా ఎవరు వినవచ్చు, ఎవరి అనుమతితో వినవచ్చు, ఎన్ని రోజులు వినవచ్చు అన్న విషయాలపై రూపొందించిన నిబంధనలవి. అభ్యంతరాలుంటే 30 రోజుల్లోగా న్యూఢిల్లీ అశోకా రోడ్డులోని సంచార్ భవన్‌కు రాసి పంపాలని అందులో పేర్కొన్నారు. గెజిట్ వెలువడేది హిందీ, ఇంగ్లీషు భాషల్లో. తెలుగు ప్రతి లేదు. గ్రామ పంచాయతీ నోటీసు బోర్డుకు గానీ, మండల కార్యాలయానికి గానీ అది రాదు. గడువు ముగిసింది. 2024 డిసెంబరు 6న తుది నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ప్రజల నుంచి వచ్చిన అభ్యంతరాలను, సూచనలను పరిగణనలోకి తీసుకున్నామని ఆనవాయితీ ప్రకారం ఒక వాక్యం ఉన్నది. ఏ అభ్యంతరానికి ఏం జవాబు చెప్పారన్నది ఆ వాక్యంలో ఉండదు.

నిజానికి కేంద్ర ప్రభుత్వానికి ఈ విషయంలో స్వయంగా రాసుకున్న విధానమొకటి ఉన్నది. చట్టానికైనా, చట్టం కింద చేసే నిబంధనలకైనా ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలని, ముసాయిదా వల్ల ప్రభావితమయ్యే వర్గాలకు అది చేరేలా విస్తృత ప్రచారం కల్పించాలని 2014 ఫిబ్రవరిలో నిర్ణయించారు. 30 రోజుల లెక్క మాత్రం ఈ ముసాయిదా విషయంలో పాటించారు. తక్కిన రెండింటి సంగతి పాఠకులే ఊహించుకోవచ్చు.

ఈ నిబంధనలకు మూలమైన టెలికం చట్టం ప్రయాణమూ ఇటువంటిదే. 2022 సెప్టెంబరు 21న తొలి ముసాయిదా బిల్లు విడుదల చేసి, గడువు పొడిగిస్తూ నవంబరు 10 వరకు అభిప్రాయాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఏడాదికి పైగా మౌనం. 2023 డిసెంబరు 18న మార్చిన బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. ఆ సమావేశాల్లో 140 మందికి పైగా ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉన్నారు. 138 ఏళ్ల నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో వచ్చిన చట్టానికి ఉభయ సభల్లో పట్టిన కాలం నాలుగు రోజులు.

తంతి కాలం నాటి అధికారం

ప్రభుత్వం ఫోన్లు వినడం కొత్తగా మొదలైనది కాదు. 1885 నాటి భారతీయ టెలిగ్రాఫ్ చట్టంలోని 5(2) సెక్షన్ ఆ అధికారాన్ని ఇచ్చింది. తంతి వార్తలను ఆపి చదవడానికి ఆంగ్ల ప్రభుత్వం రాసుకున్న సెక్షన్ అది. స్వాతంత్ర్యం తర్వాత దానికి కొన్ని హద్దులు చేర్చారు. ప్రజా అత్యవసర పరిస్థితి గానీ, ప్రజా భద్రత గానీ ముడిపడి ఉండాలి. దేశ సార్వభౌమత్వం, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, నేర ప్రేరేపణ నివారణ వంటి కారణాలు రాతపూర్వకంగా చూపాలి. అయితే ఆ కారణాలున్నాయో లేవో చూసే విధివిధానాలేవీ దశాబ్దాల పాటు రాయలేదు.

మహబూబ్‌నగర్ సరిహద్దు దాటితే వచ్చే కర్ణాటకలో 1988 ఆగస్టులో ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఫోన్ల ట్యాపింగ్ వివాదంలోనే పదవి వదులుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఢిల్లీలో రాజకీయ నాయకుల ఫోన్లు విన్న వ్యవహారంపై సీబీఐ నివేదిక బయటపడగా, పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ 1991లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 1996 డిసెంబరు 18న తీర్పు వెలువడింది. ఇంట్లో గానీ, కార్యాలయంలో గానీ ఇతరుల జోక్యం లేకుండా ఫోన్‌లో మాట్లాడుకునే హక్కు వ్యక్తిగత గోప్యతలో భాగమని, చట్టం నిర్దేశించిన పద్ధతి లేకుండా దానిని భంగపరచడం రాజ్యాంగంలోని 21వ అధికరణానికి విరుద్ధమని జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం స్పష్టం చేసింది. హోం కార్యదర్శి ఆదేశం ఉండాలి, రెండు నెలలకు మించరాదు, పొడిగించినా ఆరు నెలలు దాటరాదు, సమీక్షా సంఘం పరిశీలించాలి అని మార్గదర్శకాలిచ్చింది. అవే 2007లో టెలిగ్రాఫ్ నిబంధన 419ఎ గా సమగ్ర రూపం పొందాయి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చిన తర్వాత, ఈ పద్ధతులు మరింత బిగుస్తాయని న్యాయవాద వర్గాలు ఆశించాయి. 2024 నిబంధనల్లో ఆ బిగింపు పెద్దగా కనిపించదు.

ఇప్పుడున్న పద్ధతి

రాష్ట్రంలో ఒక ఫోన్‌ను వినాలంటే హోం శాఖ బాధ్యతలు చూసే కార్యదర్శి లిఖిత ఆదేశం ఇవ్వాలి. తప్పనిసరి పరిస్థితుల్లో అందుకు అధికారం పొందిన, సంయుక్త కార్యదర్శి హోదాకు తగ్గని అధికారి ఇవ్వవచ్చు. ఆదేశం 60 రోజులు చెల్లుతుంది. పొడిగించవచ్చు గానీ మొత్తం 180 రోజులకు మించరాదు. ఆదేశం ప్రతిని ఏడు పనిదినాల్లోగా సమీక్షా సంఘానికి పంపాలి. రాష్ట్రంలో ఆ సంఘానికి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు. న్యాయశాఖ కార్యదర్శి, హోం శాఖకు చెందని మరో కార్యదర్శి సభ్యులు. ఈ సంఘం రెండు నెలలకొకసారి సమావేశమై ఆదేశాలు చట్టబద్ధంగా ఉన్నాయో లేవో చూడాలి. లేవని తేలితే రద్దు చేసి, విన్న మాటల నకళ్లను ధ్వంసం చేయించవచ్చు.

మారుమూల ప్రాంతాల్లో గానీ, కార్యనిర్వహణ కారణాల వల్ల గానీ ముందస్తు ఆదేశం పొందడం వీలు కాకపోతే, నిఘా సంస్థ అధిపతి గానీ, రెండో స్థానంలోని అధికారి గానీ ఆదేశమివ్వవచ్చు. రాష్ట్రంలో ఆయన ఐజీ హోదాకు తగ్గరాదు. మూడు పనిదినాల్లోగా హోం కార్యదర్శికి తెలపాలి. ఏడు పనిదినాల్లోగా ఆమోదం రాకపోతే వినడం ఆపివేయాలి. అంతవరకు విన్నదాన్ని కోర్టులో సాక్ష్యంగా సహా దేనికీ వాడరాదు. పాత నిబంధనలో అత్యవసర సందర్భాలకే ఉన్న ఈ వెసులుబాటు కొత్తదానిలో కొంత వదులైందన్నది ప్రధాన విమర్శ. కార్యనిర్వహణ కారణాలు అన్న మాటలో ఇమడని కారణం ఏముంటుంది? మారుమూల ప్రాంతం అన్న మాటకు మన నల్లమల అటవీ గ్రామాల కంటే వేరే ఉదాహరణ వెతకనక్కరలేదు కూడా.

అనుమతి లేకుండా సందేశాలను అడ్డుకుని వింటే మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 2023 చట్టంలోని 42వ సెక్షన్ చెబుతున్నది. శిక్ష గట్టిదే. అయితే తన ఫోన్ విన్నారన్న సంగతి బాధితుడికి తెలిసే మార్గం నిబంధనల్లో ఎక్కడా లేదు. గడువు ముగిసిన తర్వాతైనా ఫలానా కాలంలో మీ ఫోన్ విన్నామని చెప్పవలసిన పని లేదు. తెలియని నేరంపై ఫిర్యాదు ఎలా చేస్తారన్నది ప్రశ్న. సమాచార హక్కు చట్టం కింద అడిగినా ఇవ్వనక్కరలేదని 2023 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది.

ఒక్కో సమావేశానికి పదిహేను వేలు

సమీక్షా సంఘం ఉన్నది కదా, భయమెందుకు అనేవారున్నారు. దానికి జవాబు అంకెల్లోనే ఉన్నది. కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 వరకు ట్యాపింగ్ ఆదేశాలిస్తున్నదని సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ఆధారంగా 2014లో ఒక నివేదిక వెల్లడైంది. 2018లో వ్యక్తిగత సమాచార రక్షణపై నివేదిక ఇచ్చిన జస్టిస్ బి.ఎన్.శ్రీకృష్ణ కమిటీ ఈ లెక్కనే ప్రస్తావించింది. తెలంగాణ అంశంపై 2010 డిసెంబరు 30న నివేదిక సమర్పించి మన పల్లెపల్లెనా పేరు వినిపించిన శ్రీకృష్ణ గారే ఈయన. రెండు నెలలకొకసారి కూర్చునే సంఘం ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు పరిశీలించాలి. ఇది ఆచరణలో అయ్యే పని కాదని ఆ కమిటీ తేల్చింది. ముగ్గురు ఉన్నతాధికారులు రోజంతా ఎడతెగకుండా కూర్చున్నా ఒక్కో ఆదేశానికి రెండు సెకన్లకు మించి దక్కదు. మన మండలాల్లో రేషన్ కార్డు దరఖాస్తు పరిశీలనకు కూడా అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది.

అనుమతి ఇచ్చేవారు, సమీక్షించేవారు, వినేవారు ముగ్గురూ ఒకే ప్రభుత్వంలోని వారు కావడం మరో లోపం. అమెరికాలో నేర దర్యాప్తు కోసం ఫోన్ వినాలంటే న్యాయమూర్తి వారంటు కావాలి. 1968 నుంచి అదే చట్టం. ఏటా ఎన్ని వారంట్లు ఇచ్చారో నివేదిక కూడా ప్రచురిస్తారు. బ్రిటన్‌లో 2016 చట్టం ప్రకారం మంత్రి సంతకంతో పాటు న్యాయాధికారి ఆమోదం ఉండాలి. మన సుప్రీంకోర్టు 1996లో ముందస్తు న్యాయ అనుమతి కోరలేదు. ఆ ఏర్పాటు చేయవలసింది శాసనమేనన్నది. శాసనం చేసే అవకాశం 2023లో వచ్చింది, వెళ్లిపోయింది.

హైకోర్టులు అప్పుడప్పుడు కళ్లెం వేస్తున్నాయి. 2019 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఒక లంచం కేసులో ట్యాపింగ్ ఆదేశాలను కొట్టివేసి నకళ్లు ధ్వంసం చేయమన్నది. 2025 జులైలో మద్రాసు హైకోర్టు అదే బాట పట్టగా, అంతకు కొద్ది రోజుల ముందే ఢిల్లీ హైకోర్టు అవినీతి కేసులో ట్యాపింగ్‌ను సమర్థించింది. ఒకే చట్టానికి రెండు కోర్టుల్లో రెండు అర్థాలు వస్తున్నాయి.

రెండు జిల్లాల జ్ఞాపకం

ఈ విషయంలో నల్లగొండ, పాలమూరు ప్రజల మాటకు ప్రత్యేక విలువ ఉండాలి. నిఘా ఎందుకు అవసరమో, అది గాడి తప్పితే ఏమవుతుందో రెండూ చూసిన నేల ఇది. 2001 డిసెంబరులో దేవరకొండ శాసనసభ్యుడు రాగ్యానాయక్‌ను నక్సలైట్లు కాల్చి చంపారు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో స్వాతంత్ర్య దినోత్సవం నాడే మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి మావోయిస్టుల కాల్పులకు బలయ్యారు. కదలికలు ముందుగా పసిగట్టి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవన్న మాట నాడు ఊరూరా వినిపించింది. అజ్ఞాత దళాల సమాచారం సేకరించేందుకే పోలీసు శాఖలో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి, అంటే ఎస్ఐబీ, పనిచేస్తూ వచ్చింది. దాని అవసరాన్ని కాదనేవారు ఇక్కడ తక్కువే.

అదే కాలంలో మరో పక్క ఏం జరిగిందో కూడా మరువరాదు. పౌరహక్కుల సంఘం నాయకుడు, న్యాయవాది పురుషోత్తం 2000 నవంబరులో హైదరాబాద్‌లో హత్యకు గురయ్యారు. అదే సంఘానికి చెందిన అజం అలీని 2001 ఫిబ్రవరిలో నల్లగొండ పట్టణంలో నరికి చంపారు. దళానికి అన్నం పెట్టారన్న అనుమానంతో ఠాణా మెట్లెక్కినవారు, పోలీసులకు సమాచారమిచ్చారన్న అనుమానంతో దళం చేతిలో హతమైనవారు చందంపేట నుంచి అమ్రాబాద్ దాకా ఎన్నో ఊళ్లలో ఉన్నారు. ఎవరు ఎవరితో మాట్లాడారన్న ఒక్క సమాచారం మనిషి ప్రాణం మీదికి తెచ్చిన రోజులవి. ఆ రోజుల్లో సెల్‌ఫోన్లు అరుదు. ఇప్పుడు ఆ సమాచారం ప్రతి మనిషి జేబులోంచి తనంతట తానే నమోదవుతున్నది.

కంచె చేను మేసిందన్న ఆరోపణ

తెలంగాణను కుదిపిన ఫోన్ ట్యాపింగ్ కేసు ఈ ఎస్ఐబీ గడప నుంచే మొదలైంది. 2023 డిసెంబరు 3న శాసనసభ ఎన్నికల ఫలితాలు వెలువడ్డాయి, ప్రభుత్వం మారింది. ఆ మరుసటి రోజు ఎస్ఐబీ కార్యాలయంలో నిఘా సమాచారమున్న హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారని ఆ విభాగం అధికారి ఒకరు ఫిర్యాదు చేయగా, 2024 మార్చి 10న హైదరాబాద్ పంజాగుట్ట ఠాణాలో కేసు నమోదైంది. అప్పటికే సస్పెండైన డీఎస్పీ ప్రణీత్‌రావును అదే నెలలో అరెస్టు చేశారు. మరికొందరు పోలీసు అధికారులూ అరెస్టయ్యారు. ఎస్ఐబీ మాజీ అధిపతి టి.ప్రభాకర్‌రావు అమెరికా నుంచి 2025 జూన్‌లో తిరిగివచ్చారు. సుప్రీంకోర్టు ఆదేశంతో ఆ ఏడాది డిసెంబరులో దర్యాప్తు అధికారుల ఎదుట లొంగిపోయారు.

ప్రతిపక్ష నాయకులు, వారి బంధువులు, వ్యాపారులు, పాత్రికేయుల ఫోన్లను విన్నారన్నది ఆరోపణ. మావోయిస్టులతో సంబంధమున్నవారివంటూ ఆ నంబర్లను అనుమతుల జాబితాలో చేర్చారని దర్యాప్తు అధికారులు అంటున్నారు. 2022 నవంబరు 3న జరిగిన మునుగోడు ఉప ఎన్నిక సమయంలోనూ ఈ పని జరిగిందన్న ఆరోపణతో వ్యవహారం నేరుగా మన జిల్లాను తాకింది. నాటి సమీక్షా సంఘంలోని ఉన్నతాధికారుల వాంగ్మూలాలను కూడా 2025లో నమోదు చేశారు. నిందితులు ఆరోపణలను తోసిపుచ్చారు. ఇవన్నీ న్యాయస్థానంలో రుజువు కావలసినవి. నేరం చేశారో లేదో తేల్చవలసింది న్యాయమూర్తులే తప్ప పత్రికలు కావు.

కేసు ఎటు తేలినా, సామాన్య పాఠకుడు గమనించవలసిన సంగతి ఒకటున్నది. విన్న మాటల రికార్డులను ఆరు నెలలకొకసారి ధ్వంసం చేయాలని నిబంధనే చెబుతున్నది, పని కోసం గానీ కోర్టు కోసం గానీ అవసరమైతే తప్ప. ఇది పౌరుల గోప్యత కోసం పెట్టిన నియమం. ఎవరి ఇంటి మాటలో ఏళ్ల తరబడి ప్రభుత్వ బీరువాలో ఉండకూడదన్నది ఉద్దేశం. అయితే చట్టవిరుద్ధంగా విన్నవారికి కూడా అదే నియమం గొడుగు పడుతుంది. ఆదేశమూ పోయి, నకలూ పోయిన తర్వాత తప్పు జరిగిందని రుజువు చేసేదెలా? ఎవరిని, ఏ కారణంతో విన్నారన్న పట్టికనైనా సీల్డు కవరులో హైకోర్టు వద్ద భద్రపరచాలన్న సూచన ముసాయిదా సమయంలో ఈ జిల్లాల నుంచి వెళ్లి ఉంటే బాగుండేది. వెళ్లడానికి ముసాయిదా ఇక్కడికి రావాలి కదా.

మాట వినకుండానే తెలిసేవి

ట్యాపింగ్ అంటే మాటలు వినడమే అనుకుంటారు. మాట వినకుండానే తెలిసే సంగతులు అంతకంటే ఎక్కువ. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎన్ని గంటలకు, ఎంతసేపు మాట్లాడారు, ఆ సమయంలో ఫోన్ ఏ టవరు పరిధిలో ఉంది, ఏ హ్యాండ్‌సెట్ వాడారు అన్నవి కాల్ డేటా రికార్డులో చేరతాయి. వాడుకలో దీన్నే సీడీఆర్ అంటారు. 2021 డిసెంబరు నుంచి కంపెనీలు వీటిని కనీసం రెండేళ్లు దాచాలి. వీటి కోసం హోం కార్యదర్శి ఆదేశం అక్కరలేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద దర్యాప్తు అవసరమని చూపి, ఎస్పీ స్థాయి అధికారి ద్వారా పోలీసులు తెప్పించుకోవచ్చు. సమీక్షా సంఘం దీన్ని చూడదు. గొలుసు దొంగతనం నుంచి హత్య వరకు జిల్లాలో ఛేదించే కేసుల్లో సీడీఆర్ పాత్ర ఎంతో ఉన్నదన్నది నిజం. తప్పిపోయిన ఆడపిల్లల ఆచూకీ దొరికేదీ దీనితోనే. అందుకే దానిపై అడిగేవారు తక్కువ.

అయితే మన ప్రాంతంలో టవరు చెప్పే సాక్ష్యానికి ఉన్న పరిమితి అందరూ తెలుసుకోవాలి. టవరు చుట్టూ ఉన్న ప్రాంతాన్ని సాధారణంగా మూడు భాగాలుగా చేసి, ఒక్కో దిక్కుకు ఒక్కో యాంటెన్నా అమర్చుతారు. ఫోన్ ఏ భాగంలో ఉందో రికార్డు చెబుతుంది. హైదరాబాద్‌లో టవర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి గనుక ఆ భాగం కొన్ని వందల మీటర్లకే పరిమితం. చందంపేట, నేరేడుగొమ్ము, అమ్రాబాద్, పదర మండలాల్లో అదే భాగం కిలోమీటర్ల పొడవునా సాగి నాలుగైదు తండాలను, నడుమనున్న గుట్టలను కలిపి చుట్టేస్తుంది. పైగా దగ్గరి టవరుకే ఫోన్ తగులుకోవాలన్న నియమమేమీ లేదు. కృష్ణా వెనుక జలాల ఒడ్డున నిలబడితే నీటి మీదుగా ఆవలి గట్టు టవరు సిగ్నల్ అందడం అక్కడివారికి అనుభవమే. దగ్గరి టవరులో కరెంటు పోయి బ్యాటరీ దిగితే ఫోన్ దూరపు టవరును పట్టుకుంటుంది. ఫలానా టవరు పరిధిలో ఉన్నాడు అన్న మాటకు, ఘటన స్థలంలో ఉన్నాడు అన్న మాటకు మధ్య ఒక్కోసారి ఐదు కిలోమీటర్ల దూరం ఉంటుంది. బెయిలు దరఖాస్తు వేసే న్యాయవాదులు ఈ తేడాను గట్టిగా వాదించవలసి ఉన్నది.

ఇక సంభాషణలు వినే యంత్రాంగం సంగతి. పూర్వం ఆదేశం చేతపట్టుకుని అధికారి కంపెనీ వద్దకు వెళితే, అక్కడి నోడల్ అధికారి పరిశీలించి లైను కలిపేవారు. ఒక కాగితం, రెండు సంతకాలు, మధ్యలో మూడో మనిషి ఉండేవారు. కేంద్రీయ పర్యవేక్షణ వ్యవస్థ పేరిట సీ-డాట్ రూపొందించిన ఏర్పాటు వివరాలు 2009లో పార్లమెంటు ముందుకు వచ్చాయి. దానితో కంపెనీ మనిషి ప్రమేయం లేకుండానే నిఘా సంస్థలకు సంభాషణ చేరే వీలు ఏర్పడింది. కంపెనీ ఉద్యోగి ద్వారా రహస్యం బయటికి పొక్కకుండా ఉండేందుకే ఇది అని ప్రభుత్వం చెబుతున్నది. ఆదేశం సరైనదా కాదా అని చూసే మూడో కన్ను కూడా దానితోపాటే పోయిందని విమర్శకులు అంటున్నారు. ఇద్దరి మాటలోనూ నిజమున్నది. ఈ వ్యవస్థపై 2020లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది.

ట్యాపింగ్ కేసు వార్తల తర్వాత మన ఊళ్లలో చోటా నాయకులు సైతం మామూలు కాల్ ఎత్తడం మానేశారు. "వాట్సాప్‌ల చెయ్యి" అనడం, "కలిసినప్పుడు మాట్లాడుకుందాం" అని పెట్టేయడం హోటళ్ల దగ్గర రోజూ వినబడేదే. వాట్సాప్ మాటలు ఒక ఫోన్‌లో తాళం పడి మరో ఫోన్‌లోనే విడతాయి గనుక మధ్యలో నెట్‌వర్క్ వద్ద వినడం కుదరదు. ఫోనే చేజిక్కితే మాత్రం ఆ తాళానికి అర్థం లేదు.

వలస కూలీ సిమ్ కథ

పాలమూరు వలస కూలీలకు ఈ చట్టంలో మరో ముల్లు ఉన్నది. ముంబయి, పుణె, బెంగళూరు పనులకు వెళ్లే కూలీలు మేస్త్రీ పేరు మీదనో, తోటి కూలీ పేరు మీదనో ఉన్న సిమ్ వాడడం మామూలే. మోసంతో గానీ, మరొకరిలా నటించి గానీ సిమ్ పొందితే మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా అని 2023 చట్టం అంటున్నది. ఒకరి పేరిట తొమ్మిదికి మించి సిమ్‌లుంటే తొలిసారి 50 వేల వరకు, ఆ తర్వాత రెండు లక్షల వరకు జరిమానా. నిఘా నంబరుపై పెడతారు, మనిషిపై కాదు. మేస్త్రీ పేరిట ఉన్న నంబరుపై నిఘా పెడితే ఇంటికి ఫోన్ చేసి పిల్లల ఫీజు గురించి మాట్లాడే కూలీ మాటలే రికార్డవుతాయి. తన పేరిట ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకునే సదుపాయం 2021లో దేశంలో మొదట తెలుగు రాష్ట్రాల్లోనే ప్రారంభమైంది. ఇప్పుడది సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఉన్నది. వలస వెళ్లేముందు ఒకసారి చూసుకోవడం ఉత్తమం.

ఆ సంచార్ సాథీ పేరే 2025 చివర్లో మరో వివాదానికి కారణమైంది. కొత్తగా అమ్మే ప్రతి ఫోన్‌లోనూ ఆ యాప్‌ను ముందే ఎక్కించాలని కంపెనీలకు 2025 నవంబరు 28న టెలికం విభాగం ఆదేశాలిచ్చింది. దీనికి ముసాయిదా లేదు, 30 రోజుల గడువూ లేదు. విషయం పత్రికలకెక్కగానే దేశమంతటా నిరసన వ్యక్తమైంది. డిసెంబరు 3న ఆదేశాన్ని ఉపసంహరించుకున్నారు. అభిప్రాయం అడిగినప్పుడు పలకని దేశం, అడగనప్పుడు ఐదు రోజుల్లో పలికించింది. తేడా ఎక్కడున్నదంటే, ఈసారి విషయం జనానికి తెలిసింది.

అడగదగినవి ఉన్నాయి

టెలికం చట్టం కింద నిబంధనలు ఇంకా వస్తూనే ఉన్నాయి. టెలికం సైబర్ భద్రత నిబంధనల సవరణ ముసాయిదా 2025 జూన్‌లో వచ్చి, అక్టోబరులో ఖరారైంది. ప్రతి ముసాయిదాకు 30 రోజుల గడువుంటుంది. అభ్యంతరం ఇంగ్లీషులోనే ఉండాలన్న షరతు లేదు. తెలుగులో రాసి పోస్టులో పంపవచ్చు. బార్ అసోసియేషన్లు, డిగ్రీ కళాశాలల రాజనీతి శాస్త్ర విభాగాలు, పాత్రికేయ సంఘాలు ముసాయిదా సారాంశాన్ని ఒక పేజీ తెలుగులో తెచ్చి గ్రంథాలయాల్లో అంటించినా కొంత మేలు. యురేనియంపై మైకు పట్టుకున్న తండావాసులకు ఆ విషయం అర్థమయ్యేలా చెప్పింది ఇటువంటి వారే.

ఎవరి ఫోన్ విన్నారని అడిగితే సమాధానం రాదు. సమీక్షా సంఘం ఏడాదిలో ఎన్నిసార్లు సమావేశమైంది, ఎన్ని ఆదేశాలు పరిశీలించింది, ఎన్నింటిని రద్దు చేసింది అన్నవి ఎవరి పేరూ లేని అంకెలు. నిఘా సంస్థలకు సమాచార హక్కు చట్టం 24(4) సెక్షన్ కింద రాష్ట్రం మినహాయింపు ఇవ్వగలదు గానీ, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు వర్తించదు. సమీక్షా సంఘం నిఘా సంస్థ కూడా కాదు. దరఖాస్తు తెలుగులో రాసి, హైదరాబాద్‌లోని రాష్ట్ర సచివాలయం ప్రజా సమాచార అధికారి పేరిట పంపాలి. రుసుము 10 రూపాయలు. తిరస్కరిస్తే మొదటి అప్పీలు, ఆ తర్వాత సమాచార కమిషన్. జవాబివ్వడానికి వారికి ఉన్న గడువు కూడా 30 రోజులే.